మంద ఎంత జాగా నింపుతుంది

ఎం.ఏ.లో చేరిన కొత్తలో మా ఊళ్ళో కనబడ్డ వాళ్ళందరూ నన్ను అడిగింది ఒక్కటే, అర్థశాస్త్రం చదివితే ఏమవుతావని. డాక్టరు చదువైతే సూదిమందు వేస్తుంది, టీచరు చదువైతే బడికి పోతుంది, మరి ఈ చదువు చదివిన పిల్ల పొద్దున లేచి ఏం చేస్తుందో వాళ్ళకు తేలలేదు. నిజం చెప్పాలంటే నాకూ తేలలేదు. డిగ్రీలో మార్కులు బాగా వచ్చాయి, నల్లగొండలో విశ్వవిద్యాలయం ఉంది, హాస్టల్లో జాగా దొరికింది, పోయాను. అంతకు మించి ముందుచూపు ఉందని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది.

మా ఊరు కేతేపల్లి మండలంలో, పెద్ద రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. మాది గొర్రెలు కాచే ఇల్లు. బాపుకు మంద, బాపును కన్న అవ్వకు ఆ మంద మీద పెత్తనం, నాకు చదువు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. ఊళ్ళో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, "మందోళ్ళు" అంటారు. పెళ్ళి పిలుపుకు వచ్చినవాడైనా, ఓటడిగే వాడైనా మందోళ్ళ ఇల్లు ఎక్కడని అడగాల్సిందే.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మా ఊరికి నీళ్ళు వచ్చాయి. చెరువు పూడిక తీశారు, కాలువ పారింది, బోర్లకు రోజంతా కరెంటు ఉంటోంది. చూస్తుండగానే ఊరి చుట్టూ పచ్చబడింది. తన జన్మలో అంత వరి చూడలేదని అవ్వ పనిగట్టుకుని గట్టు మీదికి పోయి, కళ్ళనిండా చూసుకుని వచ్చేది. ఆ సంతోషంలో మేమూ ఉన్నాం. కానీ వానాకాలం ఒక పంట, యాసంగి ఒక పంట పడ్డాక గొర్రెలు మేసేందుకు బీడు మిగల్లేదు. బాపు మందను తోలుకుని బయలుదేరితే ఇటు పొలం, అటు పొలం, నడుమ సన్నటి డొంకదారి. ఒక గొర్రె నారుమడిలో మూతి పెట్టిందంటే పంచాయితీ. ఒకరి చేత మాట పడి ఎరగని మనిషి, రోజూ ఎవరో ఒకరికి సర్దిచెప్పుకుని ఇంటికి వచ్చేవాడు. దానికి తోడు సలహాలిచ్చే వాళ్ళు. అమ్మి పారెయ్యి, పట్నం పోయి వాచ్‌మన్ పని చేసుకో, నీడపట్టున ఉండొచ్చు అని వచ్చిన ప్రతివాడూ చాయ్ తాగినంత తేలిగ్గా చెప్పి పోయేవాడు.

రెండో ఏడాది మొదట్లో నేను హాస్టల్‌కు తిరిగి పోయే రోజు, బాపు నా సంచి మోసుకుంటూ బస్సు ఆగే చోటి దాకా వచ్చాడు. అక్కడ నిలబడి అన్నాడు.

"మంద అమ్ముదామా అని చూస్తున్న బిడ్డా. అవ్వ వద్దంటాంది. నాకు ఎటూ తోస్తలేదు. నువ్వు గదే చదువుతున్నవంట గద, ఊర్లు ఎట్ల బాగుపడ్తయి, ఎట్ల చెడ్తయి అని. నీ చదువు అయిపోయేదాక ఆగుత. అయిపోయినంక నువ్వే చెప్పు, ఉంచాల్నా అమ్మాల్నా. నువ్వెట్లంటే గట్ల చేస్త."

బస్సు వచ్చింది, ఎక్కాను. నల్లగొండ చేరేదాకా నాకు కిటికీలోంచి ఏం కనబడిందో గుర్తు లేదు. పరీక్షలో తప్పు రాస్తే మార్కులు పోతాయి, ఇక్కడ తప్పు చెబితే మా ఇంట్లో మంద పోతుంది, లేకపోతే మంద ఉండి మనిషి పోతాడు.

మాకు అభివృద్ధి అర్థశాస్త్రం చెప్పే సారుది షాద్‌నగర్ దగ్గర పల్లె. పరుపులు, బొంతలు కుట్టే ముస్లిం కుటుంబం. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండి, వారం చివర ఇంటికి పోయి వచ్చేవాడు. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకునే అలవాటు వల్ల ఆయన చొక్కాలన్నిటికీ జేబులు తెల్లగా ఉండేవి. మేము డిగ్రీ దాకా పాఠమంటే పుస్తకం భాష అనుకుని పెరిగిన వాళ్ళం. ఆయన మొదటి రోజే వచ్చి, "కొన్ని దేశాలు ఎందుకు గరీబుగుంటయి? ముందుగాల గీ ముచ్చట చెప్పుండ్రి" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు. నేను మాత్రం సర్దుకుని కూర్చున్నాను. మా ఇంట్లో మాట్లాడే భాషలో అంత పెద్ద ప్రశ్న అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒకసారి మా క్లాసు కుర్రాడు లేచి, తలసరి ఆదాయం సగటున పెరిగింది కాబట్టి ప్రజల బతుకు మెరుగైందని పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాడు. సారు ఓపికగా విన్నాడు.

"ఈ సగటు మనిషి మీ ఊర్ల ఏ గల్లీల ఉంటడు? జర ఇల్లు చూపెట్టు, పోయి చాయ్ తాగొస్త."

అందరం నవ్వాం. ఇక సగటుకు నూకలు చెల్లాయనుకున్నాం. కానీ ఆయన మమ్మల్ని అలా వదిలిపెట్టే రకం కాదు. ఆ గంటంతా సగటు ఎలా కడతారో, అది లేకపోతే ఒక దేశాన్ని గురించి మాట్లాడటమే ఎందుకు కుదరదో చెప్పి, చివర అన్నాడు. "సగటును తిట్టుడు అల్కనే. యాడ వాడాలె, యాడ వాడొద్దు అన్నది తెల్సుకునుడే కష్టం." ఇప్పుడు నేనూ ఒక డిగ్రీ కాలేజీలో ఆ పాఠమే చెబుతాను. చాయ్ మాట దాకా పిల్లలు బాగానే నవ్వుతారు. తర్వాతి భాగం ఆయన చెప్పినంత బాగా నాకు ఇప్పటికీ రాదు.

కేంద్ర బడ్జెట్ వచ్చే రోజు మాకు పండగలాంటిది. సారు సెమినార్ హాల్లో టీవీ పెట్టించేవాడు. ముందురోజే ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు పంచేవాడు. ఒకరికి నేతపని ఇల్లు, ఒకరికి వరి రైతు ఇల్లు, ఒకరికి ఆటో నడిపే వాళ్ళ ఇల్లు. ప్రసంగం విని, అందులోంచి ఆ ఇంటి గడప దాకా ఏం వస్తుందో, ఎన్ని మలుపులు తిరిగి వస్తుందో సాయంత్రానికి చెప్పాలి. నాకు వరి రైతు ఇల్లు వచ్చింది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. గొర్రెల వాళ్ళ ఇల్లు నాకు ఇవ్వకుండా ఇంకెవరికి ఇస్తారని పోయి అడిగాను.

"మీ ఇంట్ల సంగతి నీకు ఎట్లయినా తెలుసు. జర ఇంకోళ్ళింట్ల కూసొని చూడు" అన్నాడు.

సణుక్కుంటూనే కూర్చున్నాను. ఎరువుల రాయితీ, మద్దతు ధర, ఎగుమతుల మీద ఆంక్షలు అన్నీ ఆ రైతు ఇంట్లో కూర్చుని లెక్కేసుకున్నాను. ఢిల్లీలో ఒక మాట అటూ ఇటూ అయితే మా ఊరి కల్లంలో వడ్ల కుప్ప ఎందుకు కదలదో ఆ సాయంత్రం మొదటిసారి అర్థమైంది. మా గొర్రెల మీద కేకలేసే రైతుల మీద నాకున్న కసి కూడా కొంత తగ్గింది.

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు రాయాలి. బాపు అన్న మాట సారుకు చెప్పాను. "ప్రశ్న మీ బాపే ఇచ్చిండు గద. గంతకన్న మంచిది నేనియ్యలేను. గదే రాయి" అన్నాడు. నీళ్ళు వచ్చిన ఊళ్ళలో గొర్రెల పెంపకం ఏమవుతోంది అన్నది నా ప్రాజెక్టు అయింది.

మా క్లాసులో నా దోస్తు ఒకతి ఉండేది. ఆలేరు పిల్ల. స్టేషను దగ్గర వాళ్ళ నాయినకు విత్తనాల దుకాణం. సర్వేకు తోడు వస్తానంది. అంతకు ముందు వచ్చిన సర్వేలన్నీ చూసి ప్రశ్నలు తయారు చేసుకున్నాం. అన్నిటిలోనూ మొదటి ప్రశ్న మందలో ఎన్ని గొర్రెలున్నాయి అన్నదే. మేమూ అదే మొదట పెట్టాం.

గొర్రెల వాళ్ళింట్లో పుట్టిన దాన్ని, అక్కడే నాకు వెలగాలి. మా వాళ్ళు మంద ఎంతో నోటితో చెప్పరు. చెబితే తగ్గుతుందని నమ్మకం. బాపు సాయంత్రం దొడ్డి గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే ఏది రాలేదో తెలిసిపోతుంది తప్ప, వేలు పెట్టి లెక్కించడం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా. అయినా కాగితం మీద రాసేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న నాకు వింతగా అనిపించలేదు. పుస్తకాల్లో ఉంది కదా అని పెట్టేశాను.

మొదటి ఇల్లు బాపుకు వరసకు చిన్నాయన అయ్యే తాతది. ఆయన ముందు కూర్చోగానే ఆ మొదటి ప్రశ్న అడగబుద్ధి కాలేదు. కింది నుంచి అడుగుదామని కాగితం తిప్పుతుంటే నా దోస్తు సాయం చేద్దామనుకుంది. "తాతా, గొర్లు ఎన్నున్నయే?" అని అడిగేసింది.

తాత ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఉన్నయి" అని లేచి లోపలికి పోయాడు.

మేము రెండో ఇంటికి చేరే లోపలే ఆ కబురు మా కన్నా ముందు చేరింది. కొందరు పనుందన్నారు. కొందరు నోటికొచ్చిన అంకె చెప్పారు. డొంకంతా నిండిపోయే మంద ఉన్న మనిషి, ఏవో నాలుగు ఉన్నాయి బిడ్డా, అన్నాడు. మా అవ్వ ఉప్పు, మిరపకాయలు పట్టుకుని తాత ఇంటికి పోయి, ఆయన దొడ్డికి దిష్టి తీసి మరీ వచ్చింది. వచ్చి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"నేనేమన్న వాళ్ళ గొర్లు గుంజుకపోతున్ననా?" అని నా దోస్తు బస్సులో ముఖం మాడ్చుకుని కూర్చుంది.

సారు దగ్గరికి పోయి ఈ ప్రాజెక్టు నాకొద్దని చెప్పాను. ప్రశ్న మీద కోపం, మా వాళ్ళ మీద కోపం, అన్నీ కలిపి గట్టిగానే మాట్లాడాను. ఆయన క్యాంటీన్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాడు. నేను ఒక గుక్క తాగే దాకా ఆగాడు.

"వాళ్ళు చెప్పనిది వదిలెయ్యి. చెప్పేది ఏందో చూద్దాం. గొర్లు రాత్రిపూట యాడ పండుతయి?"

"మామూలుగా దొడ్ల సార్. ఎండకాలం రైతుల చెల్కలల్ల. ఎరువు కోసమని రైతులే పిలిచి మంద పెట్టించుకుంటరు."

"మరి మంద పెద్దదా చిన్నదా అని రైతుకెట్ల తెలుస్తది? ఆయనా లెక్కపెట్టడు గద."

"లెక్కెందుకు సార్. ఫలానోళ్ళ మంద ఒక్క రాత్రి పండితె ఎంత జాగా నింపుతది అన్నది అందరికి ఎరికే. దాన్ని బట్టే..."

అక్కడ నేను ఆగిపోయాను. సారు కూడా గ్లాసు కింద పెట్టాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆ చాయ్ చల్లారిపోయేదాకా మొదటి ప్రశ్న కొట్టేసి కొత్తది రాసుకున్నాం. నీళ్ళు రాకముందు మీ మంద ఒక్క రాత్రిలో ఎంత జాగా నింపేది, ఇప్పుడు ఎంత నింపుతుంది, ఇప్పుడు ఎవరు పిలుస్తున్నారు. గొప్ప మాస్టార్లంటే తెలియనిది చెప్పే వాళ్ళనుకునే దాన్ని. మనకు తెలిసినదాన్ని మన చేతనే బయటికి తీయించే మాస్టారును చూడటం అదే మొదలు.

మళ్ళీ ఊరికి పోయాం. ఈసారి తలుపులు తెరుచుకున్నాయి. మంద నింపే జాగా గురించి అడిగితే గొర్రెల వాళ్ళకు దిష్టి తగలదు సరికదా, గొప్ప. తాత అయితే కర్ర పట్టుకుని మమ్మల్ని వెంటేసుకుని బయలుదేరాడు. ఇప్పుడు నాట్లు పడ్డ మడుల మధ్య నిలబడి, ఒకప్పుడు తన మంద ఆ తుమ్మ దగ్గర మొదలై ఈ బండరాయి దాకా పండేదని చూపించాడు. తిరిగి వచ్చాక నా దోస్తుకు తనే చల్ల పోసి ఇచ్చాడు. ఆమె తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

రైతుల దగ్గరికి కూడా పోయాం. వాళ్ళు దాపరికం లేకుండా చెప్పారు. "యాడ పెట్టిస్తం చెల్లె, ఒక పంట కోసుడుతోటి ఇంకో పంటకు దున్నుడే అయితాంది" అన్నాడు ఒకాయన. ఆ రెండో పంటతోనే బిడ్డను నర్సింగ్ చదివిస్తున్నానని కూడా చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం దొరకలేదు.

ఇల్లిల్లూ తిరిగి తెచ్చినదంతా ఒకచోట పేర్చి చూస్తే కనబడింది సూటిగానే ఉంది. ఊళ్ళోనే ఉంచి మేపుతున్న మందలు ఏడాదికేడాది తక్కువ జాగా నింపుతున్నాయి. నిలబడ్డవి, ఎండాకాలం మొత్తం మహబూబ్‌నగర్ వైపు మెట్ట నేలలకు తోలుకుపోతున్న మందలు. అలా పోయే ప్రతి ఇంట్లో గట్టి మగవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. మా ఇంట్లో ఉన్నది బాపు ఒక్కడు. ఆయన మోకాళ్ళు డొంక దాటేసరికే నొస్తున్నాయి.

నేను చివరి అధ్యాయం రాశాను. మేత భూములు కాపాడాలి, మందలు పోయే బాటలు వదలాలి, గొర్రెలకు బీమా ఉండాలి, నీటి పథకం వేసేటప్పుడే కాపరులను లెక్కలోకి తీసుకోవాలి. రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. సారు చదివి తిరిగిచ్చాడు.

"సర్కారు ఏం చెయ్యాల్నో మంచిగ రాసినవ్. అది ఉండాలె, తీసెయ్యకు. మరి మీ బాపు ఏం చెయ్యాల్నో ఏదీ? సర్కారు అయిదేండ్లు ఆగుతది. ఆయన వచ్చే ఎండకాలం దాక గూడ ఆగలేడు."

"అది ప్రాజెక్టుల ఎట్ల రాస్తరు సార్?"

"నీ దగ్గరున్న దాంట్ల జవాబు ఉన్నది. నీకు కనబడ్డది గూడ. రాయకుంట పక్కకువెట్టినవ్."

కాగితాలు గుంజుకున్నంత పని చేసి వచ్చేశాను. రెండు రోజులు ఆయనకు నమస్తే కూడా పెట్టలేదు. ఆయనేమో ఏమీ జరగనట్టు క్లాసు చెప్పాడు. మూడో రోజు కూర్చుని రాశాను. ఎలాంటి ఇంట్లో మంద నిలుస్తుంది, ఎలాంటి ఇంట్లో నిలవదు, నిలవని ఇంటికి ఎదురుచూడటం వల్ల పోయేది ఎంత అని. రాయడానికి సారు ఒక్క వాక్యం కూడా సాయం చేయలేదు. ఎన్నిసార్లు తీసుకుపోతే అన్నిసార్లు చదివాడు, గీత పెట్టాడు, ఇచ్చాడు. ఆయన వారం చివరి ప్రయాణాలు కూడా నా వల్ల కొన్ని ఆగిపోయాయని తర్వాత తెలిసింది.

వైవాకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన పేజీలు తిప్పి, గొర్రెల మీద ప్రాజెక్టు రాసి గొర్రెల సంఖ్యే లేదేమిటని అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. చలికాలంలో గొర్రెలు దగ్గర దగ్గరగా ముడుచుకుని పడుకుంటాయి కదా, అప్పుడు జాగా తగ్గితే మంద తగ్గినట్టేనా అన్నారు. అందుకే ఎండాకాలాన్ని ఎండాకాలంతోనే పోల్చానని చెప్పాను. ఇంకా చాలాసేపు అడిగారు. తప్పు పట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి అడుగుతున్నారని నాకు మెల్లగా అర్థమైంది. అంతసేపూ మా సారు తనకేమీ పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. బయటికి వచ్చాక వరండాలో, "చలికాలం సంగతి మంచిగ చెప్పినవ్" అన్నాడు. ఆ రెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అంతే. నాకు అది చాలా రోజులు సరిపోయింది.

పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బాపు దొడ్డి దగ్గర కూర్చుని, ఒక గొర్రె గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. అది తన్నుకోకుండా మోకాలితో అదిమి పట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు గానీ చేతిలో పని ఆపలేదు.

"అయిపోయిందా బిడ్డా చదువు?"

"అయిపోయింది బాపు."

"మరి ఏమంటాంది?"

బస్సులో వస్తూ నేను చాలా సిద్ధం చేసుకున్నాను. నీళ్ళతో మొదలుపెట్టి, మేత భూముల మీదుగా, సర్కారు చేయాల్సినవన్నీ చెప్పుకుంటూ నెమ్మదిగా అక్కడికి చేరాలనుకున్నాను. ఆయన ముందు నిలబడితే అదేదీ నోటికి రాలేదు.

"అమ్ముమనే అంటాంది బాపు. దూరం తోలుకపోయేటోళ్ళ మందలే నిలబడ్తున్నయి. గట్ల పోవాలంటె ఇంట్ల ఇద్దరు ముగ్గురుండాలె. నువ్వొక్కనివే. ఊర్లనే ఉంచితె ఏడాదికింత కరిగిపోతది. ఇప్పుడమ్మితె నిండు మంద ధర వస్తది."

అవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వింటూనే ఉందని తెలుసు. అరుస్తుందనుకున్నాను. ద్వారబంధం పట్టుకుని మంద వైపు చూసింది.

బాపు ముల్లు తీసి పారేశాడు. గొర్రెను వెంటనే వదల్లేదు. దాని వీపు మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు.

"గిది చెప్పెటప్పుడు నీకు బాధయిందా?"

"అయింది బాపు." అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

"అయితె సరే. మంద అమ్ముమని శానమంది చెప్పి పోయిండ్రు. ఒక్కనికి గూడ బాధ గాలే. అందుకే ఇన్ని దినాలు నేను ఇనలే."

గొర్రెను వదిలాడు. అది కుంటుకుంటూ పోయి మందలో కలిసింది. బాపు చేతులు కడుక్కుని వచ్చి జేబులోంచి ఫోను తీసి నాకిచ్చాడు. బేరగాని నంబరు వెతికి, కలిపి, మా మంద అమ్ముతున్నాం రమ్మని చెప్పింది నేనే.